గంగిరెద్దులా తలూపేస్తున్నారా?

సంక్రాంతికి ఇల్లు నిండుతుంది. హైదరాబాద్ నుంచి పెద్దకొడుకు, బెంగళూరు నుంచి చిన్నకోడలు, విశాఖ నుంచి మనవలు... హాల్లో టీవీ, వంటింట్లో మిక్సీ, వీధిలో డీజే. ఏడాదంతా ఈ సందడి కోసమే ఎదురుచూసిన తాతయ్య మాత్రం రెండోపూటకే పేపరు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోతారు. ‘ఆయనకి గోల పడదు’ అనుకుంటారంతా. పాపం, ఆ గోలలో ఆయనకి మాట దొరకడం లేదు!

వయసుతో వచ్చే వినికిడి లోపం తీరే అంత. లోపలి చెవిలో ఉండే సన్నని కేశకణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టవు. ముందుగా పోయేవి కీచుగా, సన్నగా ఉండే శబ్దాలు. అచ్చులు బలంగా పలుకుతాయి కాబట్టి వినిపిస్తాయి. స, త, ప, క లాంటి హల్లులు జారిపోతాయి. ‘పాలు’ అన్నా ‘కాలు’ అన్నా ‘తాలు’ అన్నా చెవికి చేరేది ‘...ఆలు’. అందుకే చాలామంది ‘వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు’ అంటారు. ఎదురుగా ఒక్కరే ఉంటే మిగిలింది ఊహించి పూరించుకుంటారు. పదిమందిలో ఆ తీరిక ఎక్కడిది? ఇంట్లోవాళ్లకేమో ‘నిన్న బాగానే విన్నారే, ఇవాళ కావాలనే...’ అని అనుమానం.

గట్టిగా అరిస్తే? అచ్చులే ఇంకాస్త పెద్దవవుతాయి. పైగా ఇలాంటి చెవులకు చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం భరించలేనంత అవుతుంది. ‘ఎందుకలా అరుస్తావ్, నాకేమన్నా చెవుడా?’ అని నాయనమ్మ కసురుకోవడంలో న్యాయముంది. దగ్గరికెళ్లి, మొహం కనిపించేలా నిదానంగా మాట్లాడాలి.

అసలు చిక్కు తలూపడంతో వస్తుంది. రెండుసార్లు ‘ఏంటీ?’ అన్నాక మూడోసారి అడగడానికి మొహమాటం. నలుగురూ నవ్వితే నవ్వేయడం, ఏమడిగినా ‘ఊఁ’ అనేయడం... ముంగిట్లో గంగిరెద్దుతో పాటు లోపల తాతయ్యా తలూపేస్తుంటారు. పండగపూట ఇంట్లో కబుర్లేనా జరిగేది? పొలం కౌలుకు ఎవరికివ్వాలి, మనవరాలి సంబంధం సంగతేంటి, అమ్మ ఎవరి దగ్గరుండాలి... అంతా కలిసేది అప్పుడే, తేలేదీ అప్పుడే. ‘నాన్న కూడా సరేనన్నారుగా’ అని తర్వాత అంటారు. దేనికి సరేనన్నారో ఆయనకే తెలియదు. ఇలాంటి మాటలు భోజనాల దగ్గర వద్దు. ఓ గదిలో కూర్చుని, ముందు విషయమేమిటో చెప్పి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. చివర్లో ‘అర్థమైందా?’ అంటే మళ్లీ ‘ఊఁ’ అనే వస్తుంది. ‘మీరేమంటారు నాన్నా?’ అని అడగాలి. అంకెలూ తేదీలూ కాగితమ్మీద రాసి చూపిస్తే మరీ మంచిది.

ఇంకో మాటుంది... ‘ఏం లేదులే!’ అందరూ పగలబడి నవ్వుతుంటారు. అమ్మమ్మ ‘ఏంట్రా?’ అంటుంది. మనవడు ‘ఏం లేదులే అమ్మమ్మా’ అనేస్తాడు. చెప్పడానికి అరనిమిషం పట్టే జోకు. అదీ దక్కకపోతే ఇంకోసారి ఆవిడ అడగదు. ఇలా నలుగురికీ దూరమవడం చిన్నదేం కాదు. డిమెన్షియా ముప్పును పెంచే, మనం సరిచేసుకోగల 14 అంశాల్లో వినికిడి లోపం కూడా ఒకటని లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పింది.

విస్తళ్ల ముందు వరసలో కూర్చోబెడితే పక్కవాళ్ల మొహం కనపడదు. వీపు వెనక గోడ, బాగా వినిపించే చెవి జనంవైపు ఉండేలా చోటివ్వండి. మాట్లాడేవాళ్లు కిటికీకి వీపు పెడితే పెదాలు కనిపించవు. టీవీ కట్టేయండి. గ్రానైట్ పరిచిన ఖాళీ హాల్లో శబ్దం మార్మోగుతుంది. దానికన్నా వీధరుగు నయం.

భోగి ముందురోజు చెవిమిషను కొనిచ్చి, తెల్లారి మంట దగ్గరే పెట్టుకోమంటే తీసి జేబులో వేసుకుంటారు. దానికి మెదడు అలవాటు పడటానికి వారాలు కావాలి. కాబట్టి కొనేదేదో ముందే కొనాలి. గుండ్రటి జింక్ బ్యాటరీ అయితే స్టిక్కరు పీకినప్పటి నుంచే ఖర్చవడం మొదలవుతుంది, కొత్తది వేసేటప్పుడే పీకాలి. పేద వృద్ధుల కోసం 2017లో నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పరికరాల్లో చేతికర్రలు, కళ్లజోళ్లతో పాటు వినికిడి యంత్రాలూ ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు ఓసారి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. కొందరికి అడ్డుపడింది గులిమే కావచ్చు. వేడినూనెలు పోయొద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే మాత్రం కనుమ వెళ్లాక చూద్దామనుకోకుండా ఆరోజే వెళ్లాలి.