హోరు ఎవరిది? భయం ఎవరికి?

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు పురుషుల జట్టు 1892 నుంచి ఆడుతూ వచ్చిన గుడిసన్ పార్కును 2025లో విడిచి, మెర్సీ నది ఒడ్డున పాత రేవును పూడ్చి కట్టిన హిల్ డికిన్సన్ స్టేడియానికి మారింది. ఈ మార్పు చుట్టూ నడిచిన చర్చలో పదే పదే వినిపించిన ప్రశ్న ఒకటుంది. పాత మైదానంలోని ‘వాతావరణం’ కొత్తదానిలో వస్తుందా? ఆ పాటలు, ఆ హోరు, ప్రత్యర్థికి దడ పుట్టించే ఆ అరుపులు మళ్లీ వినిపిస్తాయా?

ఎక్కడో ఇంగ్లండు గొడవ మనకెందుకని అనుకోవద్దు. కొత్త సినిమా మొదటి ఆటకు పోలేకపోయిన ఆడపిల్లలకు ఈ విషయం బాగా తెలుసు. ఈలలు, కేకలు, చిరిగిన కాగితాల వాన, చీకట్లో ఎటునుంచో వచ్చే చేతులు. దానికి ‘సందడి’ అని పేరు. నేనూ నా స్నేహితురాళ్లూ రెండో వారం దాకా ఆగేవాళ్లం. సందడి తగ్గాకే మాకు చోటు. అందరిదీ అని చెప్పే ఉత్సాహం నిజానికి ఎవరి సొత్తో మాకు అప్పుడే అర్థమైంది.

కొత్త స్టేడియం నిర్మాతలు వాతావరణాన్ని ఒక కట్టడపు సమస్యగా తీసుకున్నారు. దక్షిణం వైపు సుమారు 13 వేలమంది పట్టే నిటారు గ్యాలరీ కట్టారు. ప్రేక్షకులను మైదానానికి వీలైనంత దగ్గరగా కూర్చోబెట్టారు. మంచిదే. కానీ ఈ చర్చలో కొలిచేది హోరు ఎంత అన్నదే. ఆ హోరులో ఏం అంటున్నారు, ఎవరిని అంటున్నారు, పక్క సీటులోని స్త్రీ ఏం వింటూ కూర్చుంది అన్నది కొలతకు రాదు. పైగా కుటుంబాలూ ఆడవాళ్లూ రావడం వల్లనే స్టేడియాలు చప్పబడిపోయాయని నిట్టూర్చేవాళ్లు ఒకరు!

వాళ్లు గుడిసన్ పార్కు చరిత్ర చదవాలి. 1920 డిసెంబరు 26న అక్కడ ప్రెస్టన్ ఫ్యాక్టరీ కార్మిక స్త్రీల జట్టు ‘డిక్, కెర్ లేడీస్’, సెయింట్ హెలెన్స్ స్త్రీల జట్టుతో ఆడింది. చూడవచ్చినవారు దాదాపు 53 వేలు. చోటు లేక వేలమంది బయటే ఉండిపోయారు. కొత్త స్టేడియంలో పట్టేదీ ఇంచుమించు అంతమందే. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి, తన క్లబ్బుల మైదానాలు వారికి ఇవ్వవద్దని చెప్పింది. దాదాపు 50 ఏళ్లు ఆ తలుపులు మూసే ఉంచారు. ఆడవాళ్ల ఆటకు జనం రాలేదని కాదు, అంతమంది వచ్చారు గనుకనే అని నేనంటాను.

ఇది గతించిన కథ కాదు. 2022లో ప్రచురితమైన డర్హమ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల సర్వేలో 1,950 మంది బ్రిటిష్ పురుష అభిమానులను ప్రశ్నిస్తే, 68 శాతం మందిలో స్త్రీల ఆట పట్ల బాహాటమైన స్త్రీద్వేషం కనిపించింది. వాతావరణం గేటు దగ్గర ఆగిపోయేదీ కాదు. లాంకషైర్ పోలీసు రికార్డుల ఆధారంగా లాంకస్టర్ విశ్వవిద్యాలయం 2013లో వెలువరించిన అధ్యయనం ఏం చెప్పింది? మూడు ప్రపంచ కప్పుల్లో ఇంగ్లండు ఓడిన రోజుల్లో గృహహింస ఫిర్యాదులు 38 శాతం పెరిగాయి. గెలిచిన రోజుల్లో, డ్రా అయిన రోజుల్లో కూడా 26 శాతం పెరిగాయి. గోలు ఎవరు కొట్టినా దెబ్బ ఇంట్లో ఆడదానికే!

పురుషులు ఖాళీ చేసిన గుడిసన్ పార్కును ఇప్పుడు ఎవర్టన్ స్త్రీల జట్టుకు ఇచ్చారు. అన్న విడిచిన చొక్కా చెల్లెలికి తొడిగినట్టుంది. అయినా నేను దాన్ని తీసిపారెయ్యను. తమను గెంటేసిన గడ్డ మీదికి స్త్రీలు యజమానులుగా తిరిగి రావడం చిన్న విషయం కాదు. దాన్ని దానంగా చూపితేనే నా అభ్యంతరం. అది నూరేళ్ల బాకీ.

కొత్త స్టేడియం నుంచి మనం అడగవలసినవి స్పష్టం. స్త్రీలను కించపరిచే నినాదం జాతి దూషణతో సమానమైన నేరమని గ్యాలరీలో అమలు జరగాలి. ఫిర్యాదు చేసిన స్త్రీని సీటు మార్చుకోమనడం మాని, అరిచినవాణ్ణి బయటికి పంపాలి. ఆట ముగిశాక బస్సు దాకా, ఇంటిదాకా ఆమె భద్రత కూడా క్లబ్బు లెక్కలో ఉండాలి.

హోరు తగ్గుతుందని బెంగపడేవారికి ఒక్క మాట. మాకు నిశ్శబ్దం వద్దు. మాకూ అరవాలనే ఉంది. మొదటి ఆటకే రావాలనీ ఉంది.