మెమరీ చాలదంటే కొత్త కంప్యూటర్ కొనాలా?

ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే, దాని అవసరం మాత్రం అందరికీ. అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు, అబ్బాయి పాఠాల వీడియోలు, అబ్బాజాన్ దుకాణం లెక్కలు అన్నీ దాని మీదే. ఇలాంటి ఇళ్ళలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. పని సాగుతూ ఉండగా 'మెమరీ తక్కువగా ఉంది, ఫైళ్ళు భద్రపరచుకుని ప్రోగ్రాములు మూసివేయండి' అనే హెచ్చరిక తెర మీద కనబడుతుంది. దాన్ని పట్టించుకోకపోతే ప్రోగ్రాము హఠాత్తుగా మూతపడవచ్చు. సేవ్ చేయని పుటలన్నీ పోవచ్చు. మరమ్మతు దుకాణంలో అడిగితే "పాతబడిపోయింది, కొత్తది తీసుకోండి" అనే సమాధానమే చాలామందికి వినబడుతుంది. ఆ మాట నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. వేలాది రూపాయలు వెచ్చించే ముందు వర్చువల్ మెమరీ అనే అమరికను ఒకసారి పరిశీలించాలన్నది మా సూచన. దానికి పైసా ఖర్చు లేదు.

వంటగదిలో గట్టు మీద పట్టే సామాను కొంతే. అప్పటికి అక్కరలేని గిన్నెలను అటక మీదికి చేర్చి, కావలసినప్పుడు దించుకుంటాం. కంప్యూటర్‌లో ర్యామ్ ఆ గట్టు లాంటిది. హార్డ్ డిస్క్‌లో విండోస్ ప్రత్యేకించుకునే పేజింగ్ ఫైల్ అటక లాంటిది. సాధారణంగా ఇది సి డ్రైవ్‌లో, మన కంటికి కనబడకుండా ఉంటుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పని ప్రారంభించిన అట్లాస్ కంప్యూటర్‌లోనే టామ్ కిల్‌బర్న్ బృందం దీనిని అమలు చేసింది.

ర్యామ్, పేజింగ్ ఫైల్ రెండూ కలిపితే ఎంతో, ప్రోగ్రాములకు విండోస్ ఇవ్వగల మెమరీ దాదాపు అంతే. ర్యామ్ 4 జీబీ, పేజింగ్ ఫైల్ 4 జీబీ ఉంటే హద్దు సుమారు 8 జీబీ. తెరిచి ఉన్న ప్రోగ్రాములు కోరిన మొత్తం ఈ హద్దును సమీపించినప్పుడే ఆ హెచ్చరిక వస్తుంది. హద్దుకు ఎంత దగ్గరగా ఉన్నామో మనమే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ విభాగంలోకి వెళ్ళి మెమరీని ఎంచుకోండి. కమిటెడ్ అన్న చోట రెండు అంకెలు కనబడతాయి. మొదటిది ఇప్పటి వాడకం, రెండవది హద్దు. 7.6/7.9 అన్నట్లు రెండూ దగ్గరపడితే జాగ్రత్త పడవలసిందే.

రెండవ అంకె ర్యామ్‌తో దాదాపు సమానంగా ఉంటే పేజింగ్ ఫైల్ లేదనో, మరీ చిన్నదిగా ఉందనో అర్థం. వేగం పెరుగుతుందన్న నమ్మకంతో కొందరు దానిని తొలగిస్తారు. దానివల్ల హద్దు తగ్గిపోతుంది, ప్రోగ్రాములు త్వరగా మూతపడతాయి. సరిచేసే విధానం ఇది: స్టార్ట్ నొక్కి, వెతికే చోట 'వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని ఇంగ్లీషులో టైపు చేసి తెరవండి. పెర్‌ఫార్మెన్స్ కింద ఉన్న సెట్టింగ్స్, ఆ తరువాత అడ్వాన్స్‌డ్, ఆపైన వర్చువల్ మెమరీ వద్ద ఉన్న చేంజ్ బటన్ వరుసగా నొక్కండి. అన్నిటికంటే పైన 'ఆటోమేటికల్లీ మేనేజ్' అని మొదలయ్యే గడి ఉంటుంది. అందులో టిక్ పెట్టి, ఓకే నొక్కి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. విండోస్ 10, 11 రెండింటిలోనూ ఇదే మార్గం. అడ్మినిస్ట్రేటర్ ఖాతా పాస్‌వర్డ్ తెలిసినవారు దగ్గర ఉంటే మంచిది.

పరిమాణాన్ని స్వయంగా నిర్ణయించాలనుకునేవారు కస్టమ్ సైజ్ ఎంచుకోవచ్చు. అక్కడ అంకెలు ఎంబీలలో ఇవ్వాలి. 1 జీబీ అంటే 1024 ఎంబీలు. అంకెలు వేశాక సెట్ బటన్ నొక్కకుండా ఓకే నొక్కితే మార్పు అమలు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. సాధారణ గృహావసరాలకు మాత్రం నిర్ణయాన్ని విండోస్‌కు వదిలివేయడమే మేలు.

టిక్ ఉన్నా హెచ్చరిక ఆగకపోతే సి డ్రైవ్ నిండిపోయిందేమో చూడండి. అటకే నిండిపోయాక దాన్ని పెంచే చోటు ఎక్కడిది? ఫోన్ నుండి ఎక్కించిన నికాహ్ వీడియోలు డెస్క్‌టాప్ మీద ఉన్నాయంటే అవి సాధారణంగా సి డ్రైవ్‌లో ఉన్నట్లే. వాటిని మరొక డ్రైవ్‌కు మార్చి, డౌన్‌లోడ్స్‌లోని అక్కరలేని ఫైళ్ళను తొలగించి, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయండి. విండోస్ మొదలవుతూనే 'తాత్కాలిక పేజింగ్ ఫైల్ సృష్టించబడింది' అన్న సందేశం ఇస్తే, ముందు ఈ ఖాళీని చూసి, ఆ తరువాత పైన చెప్పిన టిక్‌ను సరిచూడాలి.

కుటుంబమంతా వాడే కంప్యూటర్‌లో మరొక కారణం దాగి ఉంటుంది. ఒకరి ఖాతా నుండి మరొకరి ఖాతాకు మారేటప్పుడు స్విచ్ యూజర్ నొక్కితే, మొదటివారు తెరిచిన ప్రోగ్రాములు లోపల అలాగే నడుస్తూ మెమరీని ఆక్రమించుకుంటాయి. పని ముగించినవారు తమ ఫైళ్ళు భద్రపరచుకుని సైన్ అవుట్ కావాలి. తరువాత కూర్చునేవారి హక్కు అది. పిల్లలకు ఈ ఒక్క అలవాటు నేర్పితే చాలా ఇళ్ళలో హెచ్చరికలు సగానికి సగం తగ్గుతాయని మా నమ్మకం.

అయితే అటక ఎంత పెద్దదైనా గట్టు కాలేదు. ర్యామ్‌తో పోలిస్తే డిస్క్ ఎన్నో రెట్లు నిదానం. హెచ్చరికలు ఆగినా కంప్యూటర్ ఈడుస్తూనే ఉంటే, డిస్క్ వాడకం ఎప్పుడూ 100 శాతం చూపుతుంటే, నిజంగానే ర్యామ్ చాలడం లేదనుకోవచ్చు. అప్పుడు కూడా కంప్యూటర్ మొత్తాన్ని మార్చనక్కరలేకపోవచ్చు. ఖాళీ స్లాట్ ఉందా, మదర్‌బోర్డు ఎంత ర్యామ్‌ను స్వీకరిస్తుంది, కావలసింది డీడీఆర్ 3 రకమా, డీడీఆర్ 4 రకమా అని దుకాణదారుని అడగండి. ఒకదాని చోట మరొకటి అమరదు. పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టించినా వేగంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఈ రెండింటి ధరలూ కనుక్కున్న తరువాతే కొత్త కంప్యూటర్ మాట ఆలోచించండి.