పస్కా బల్ల దగ్గర ఒక పిల్లవాడి ప్రశ్న



ఈ ఏడు మంచి శుక్రవారానికి ముందు మన మందిరంలో యూదుల పస్కా విందు చేద్దామని యౌవనస్థులు అడిగారు. యూట్యూబ్‌లో చూశారట. వారి ఆశ మంచిదే, కాని నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం నేనే అలాంటి విందు చేయించాను. పొంగని రొట్టెకు బదులు చపాతీలు, చేదుకూరకు బదులు కాకరకాయ! ఆ రాత్రి యూదులు బల్లమీద మూడు రొట్టెలు పెట్టి, నడిమిదాన్ని విరిచి ఒక ముక్క దాస్తారు. ఆ మూడూ తండ్రి కుమార పరిశుద్ధాత్మలని, విరిగినది కుమారుడని గట్టిగా బోధించాను. అందరూ ఆమేన్ అన్నారు. తర్వాత చదివితే, యూదులు వాటిని యాజకులు, లేవీయులు, తక్కిన ఇశ్రాయేలీయులు అని చెప్పుకుంటారని తెలిసింది. వారి బల్లమీది రొట్టెకు వారినడగకుండా నేను పేరు పెట్టాను.

ఇంకో సంగతి. ప్రభువు దినాల్లో పస్కా అంటే యెరూషలేము దేవాలయంలో వధించిన గొఱ్ఱెపిల్ల. క్రీ.శ. 70లో రోమీయులు దేవాలయాన్ని నాశనం చేశాక ఆ బలి ఆగిపోయింది. యూదుల బోధకులు పండుగను ఇంటి బల్ల దగ్గర నిలబెట్టారు. ఇప్పుడు మనం చూసే సేదెర్ విందు చాలావరకు ఆ తర్వాత రూపు కట్టినదే. ప్రభువు తిన్న భోజనం అచ్చంగా ఇదేనని చూపిస్తే అబద్ధమాడినట్టే.

మనవైపు చరిత్ర కూడా తెలియాలి. పస్కా రొట్టెలో యూదులు క్రైస్తవ పిల్లల రక్తం కలుపుతారని ఐరోపాలో వందల ఏళ్లు పుకార్లు పుట్టించారు. రక్తం ముట్టవద్దని ధర్మశాస్త్రమే ఆజ్ఞాపించిన జనం మీద ఎంత నింద! 1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో ఆ పుకారే రేగి, ఈస్టరు పండుగనాడు గుంపులు యూదుల ఇళ్లమీద పడ్డాయి. 49 మంది చనిపోయారు. అంటుకట్టబడిన కొమ్మ అసలు కొమ్మల మీద అతిశయించకూడదని పౌలు రోమా 11లో రాసింది మనకే.

మరి వారి పండుగలో మనం నేర్చుకునేది లేదా? ఉంది. ఐగుప్తు తెగుళ్లు ఒక్కొక్కటి చెబుతూ పాత్రలోని ద్రాక్షారసం ఒక్కో చుక్క తీసివేస్తారు. శత్రువు బాధపడినప్పుడు మన సంతోషం నిండుగా ఉండకూడదని దానికి అర్థం చెబుతారు. ఎన్నికల ఫలితాలొచ్చిన రోజు మన ఊళ్లో జరిగేది గుర్తొచ్చింది నాకు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది పిల్లవాడి ప్రశ్న. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు, ఈ రాత్రి మిగతా రాత్రుల్లాంటిది ఎందుకు కాదని అడుగుతాడు. పెద్దలు విడుదల కథంతా చెప్పాలి. అదీ ఎప్పుడో పూర్వీకులకు జరిగినట్టు కాదు, తామే ఐగుప్తు నుంచి బయటికి వచ్చినట్టు చెప్పాలి. పిల్లలు అడిగితే జవాబు చెప్పాలని నిర్గమకాండము 12లో ఉన్న ఆజ్ఞ అదే.

మన ఇళ్లలో? మీ తాతను ఏ బావి దగ్గరికి రానివ్వలేదో, ఆయన మొదట సువార్త ఎవరి నోట విన్నాడో, ఈ మందిరం తాటాకు పాకగా ఉన్నప్పుడు ఆకు ఎవరు మోసుకొచ్చారో మీ పిల్లలకు తెలుసా? మొన్న సండేస్కూల్లో అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. నా కొడుకు చెయ్యి కూడా.

కాబట్టి గురువారం సాయంత్రం ఏడింటికి ప్రభువు బల్ల ఎప్పటిలాగే ఉంటుంది. కాకరకాయ ఉండదు. బల్లకు ముందు ఐదారుగురు పిల్లలు లేచి అడుగుతారు. జవాబు నేను చెప్పను. నాయనమ్మలు, తాతయ్యలు ముందు వరుసలో కూర్చోండి. మైకు మీ దగ్గరికే తెస్తాం.