చీకటి సీరియళ్లు నేనెందుకు చూస్తానంటే...

"బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. నువ్వేమో తలుపులు వేసుకుని, వానలో తడుస్తున్న శవాన్ని చూస్తూ కూర్చున్నావు. నవ్వొచ్చే సినిమా ఏదైనా పెట్టుకోవచ్చుగా!" అంటారు మా ఆయన. పోయిన వేసవి నుంచీ మా ఇంట్లో ఇదే గొడవ.

తప్పంతా మా అమ్మాయిది. సెలవులకి హాస్టల్ నుంచి వచ్చి, "అమ్మా, ఒక్క ఎపిసోడ్ చూడు, నచ్చకపోతే కట్టేద్దాం" అని 'ది కిల్లింగ్' పెట్టింది. డెన్మార్క్ టీవీలో 2007లో వచ్చిన సీరియల్ అది. వాళ్ల భాషలో పేరు 'ఫోర్‌బ్రూడెల్సెన్', అంటే నేరం అని. మాటలు డేనిష్‌లో, కింద ఇంగ్లీషు అక్షరాలు. బీఏ తెలుగు చదివినదాన్ని, ఆ అక్షరాల వెంట పరిగెత్తలేక నిమిషానికోసారి ఆపుకుంటూ చూశాను. గంట ఎపిసోడ్‌కి గంటన్నర పట్టింది. 'తక్' అంటే థాంక్స్ అని మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. మాటకి ముందు తక్, మాటకి వెనక తక్!

ఇలాంటి కథల్ని నార్డిక్ నోయర్ అంటారట. నోయర్ అంటే ఫ్రెంచిలో నలుపు. పేరుకి తగ్గట్టే అన్నీ చీకటే. డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో మధ్యాహ్నం మూడున్నర దాటితే సూర్యుడు దిగిపోతాడు. మనం రెండో కాఫీ పెట్టుకునే వేళకి అక్కడ వీధి దీపాలు వెలుగుతాయి. 'ది కిల్లింగ్' మొదలయ్యేది నవంబరులో. ఆ మసక వెలుతురు, వాన, ఖాళీ రోడ్లు చూస్తూ ఉంటే మే నెలలో కూడా దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. చాలామంది ఈ వాతావరణం కోసమే చూస్తాం అంటారు. నాకూ మొదట్లో అదే అనుకున్నాను. కానీ చలి కోసమైతే ఏసీ వేసుకుంటే సరిపోదూ?

నన్ను కట్టిపడేసింది వేరే. ఈ కథలో పందొమ్మిదేళ్ల నానా అనే అమ్మాయి కనిపించకుండా పోతుంది. నీళ్లలోంచి కారు పైకి తీస్తున్న చోటికి తండ్రి పరిగెత్తుకుంటూ వస్తాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్న తల్లికి అతని కేక వినిపిస్తుంది. ఎవరూ ఆమెకి ఏమీ చెప్పక్కర్లేదు.

మన సీరియల్ అయితే ఇక్కడ మూడుసార్లు ఉరుము, ముగ్గురి మొహాలు. మన సినిమా అయితే ఆ తల్లి ఒక్కసారి గుండెలు బాదుకుని తెరమీంచి వెళ్లిపోతుంది, ఆ తర్వాతంతా హీరో గారిదే. వీళ్లు అలా వెళ్లిపోనివ్వలేదు. ఇరవై ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ ఒక్కో రోజు. పోలీసులు ఒకవైపు, ఎన్నికల్లో నిలబడ్డ నాయకుడు ఒకవైపు తిరుగుతూ ఉంటే, కెమెరా ప్రతి రోజూ మళ్లీ ఆ ఇంటికి వస్తుంది. తండ్రిది ఇళ్ల సామాన్లు తరలించే వ్యాపారం, పని ఆగదు. చిన్న మగపిల్లలిద్దరు, వాళ్లకి చెప్పాలి. ఎలా చెప్పాలి? మర్నాడు వాళ్లకి ఏదో ఒకటి తినిపించాలి కూడా.

నా తమ్ముడు పోయి పన్నెండేళ్లయింది. రోడ్డు ప్రమాదం, ఇరవై ఆరేళ్లవాడు. పదమూడో రోజు దాకా ఇల్లు నిండా జనం. పద్నాలుగో రోజు పొద్దున్న అమ్మ ఒక్కతే వంటింట్లో నిలబడి, అలవాటుకొద్దీ వాడి లెక్క కూడా వేసి బియ్యం కొలిచింది. గిన్నెకేసి చూసి, గుప్పెడు తీసి మళ్లీ డబ్బాలో పోసింది. ఆ తర్వాత ఎవరొచ్చినా "ఇక మర్చిపో వదినా, ఉన్నవాళ్లని చూసుకో" అనేవారు. మేమూ అంతే. వాడి మాటొస్తే అమ్మ ఏడుస్తుందని ఎత్తేవాళ్లమే కాదు. ఆ గుప్పెడు బియ్యం నేను తప్ప ఇంకెవరూ చూడలేదనుకున్నాను. ఎక్కడో డెన్మార్క్‌లో సీరియల్ రాసినవాళ్లకి అలాంటి పద్నాలుగో రోజు సంగతి తెలుసు.

అందుకే నా అభిప్రాయం, ఈ కథల్లో ఉన్నది చీకటి కాదు, మర్యాద. ఒక మనిషి పోతే ఎంత పోతుందో తొందరపడకుండా లెక్కపెడతారు. స్వీడన్‌లో మయ్ షోవాల్, పెర్ వాలూ అనే జంట రచయితలు 1965 నుంచి 1975 వరకు పది డిటెక్టివ్ నవలలు రాశారు. ఈ సీరియళ్లన్నిటికీ మూలం అవేనంటారు. పిల్లల్ని పడుకోబెట్టాక, రాత్రిళ్లు కూర్చుని చెరొక అధ్యాయం రాసేవారట. పైకి అన్నీ అమరిన దేశంలో లోపల ఏముందో చూపించడమే వాళ్ల ఉద్దేశం. చదువు, వైద్యం, పింఛను అన్నీ ఉన్నా ఇంట్లో పడ్డ ఖాళీని ఏ ప్రభుత్వమూ నింపలేదు కదా.

మా అమ్మాయికి ఒక అభ్యంతరం ఉంది. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ప్రతి కథలో చచ్చేది ఆడపిల్లే ఎందుకమ్మా?" అంది. 'ది బ్రిడ్జ్' (2011) కూడా స్వీడన్, డెన్మార్క్‌ల మధ్య వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత దగ్గర ఆడవాళ్ల శవంతోనే మొదలవుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అది మాట్లాడకుండా చనిపోయిన అమ్మాయి అందం చూపించి సొమ్ము చేసుకునేవి ఉన్నాయి, అవి నాకూ నచ్చవు. ఆ పిల్ల ఇంటికి మనల్ని తీసుకెళ్తుందా లేదా అన్నదే నా కొలబద్ద.

ఇంకో సంగతి, డిటెక్టివ్ సారా లుండ్. ఫారో దీవుల ఉన్ని స్వెట్టర్ వేసుకుని తిరుగుతుంది. కొడుకుని తీసుకుని, చేసుకోబోయే అతని దగ్గరికి స్వీడన్ వెళ్లిపోవలసిన రోజునే ఈ కేసు తగులుతుంది. రేపు, రేపు అంటుంది. కొడుకు ఎదురుచూస్తూనే ఉంటాడు. ఇల్లు పట్టించుకోదని మొదట్లో తిట్టుకున్నాను. మా ఆయన ఆఫీసు నుంచి రాత్రి పదింటికి వచ్చిన రోజుల్లో "పాపం, ఎంత కష్టపడుతున్నారో" అనుకున్నదాన్నే! ఆ తేడా నాలోనే ఉందని తెలిసి సిగ్గేసింది. అయినా ఆ కొడుకుని చూస్తే బాధ తగ్గలేదు. ఆమె మంచిదని గానీ చెడ్డదని గానీ సీరియల్ తేల్చదు. మనల్నే ఆలోచించుకోమంటుంది.

మొన్న సంక్రాంతికి అమ్మ మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం పక్కన కూర్చుని, "ఏంటే అది, ఎవరే ఆవిడ?" అంది. కూతురు చనిపోయిందమ్మా అని, కథ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. చాలాసేపు తెరకేసే చూసి, "ఆవిడ అన్నం తిందా?" అని అడిగింది.

నేను టీవీ ఆపేశాను. "నువ్వెన్నాళ్లకి తిన్నావమ్మా?" అని అడిగాను. పన్నెండేళ్లలో మొదటిసారి, తమ్ముడి గురించి పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నాం. అమ్మ ఏడ్చింది, మధ్యలో వాడి అల్లరి తలుచుకుని నవ్వింది కూడా.

ఆ రోజు మా ఆయనకి రాత్రి దాకా కాఫీ లేదు. ఆయన అడగనూ లేదు.