కోనసీమ ఋణము

కోనసీమ యనగనే కొబ్బరితోటలును, వేదఘోషయు తలపునకు వచ్చును. సంగీతమున నీ సీమ లోకమునకిచ్చిన కానుకను మాత్రము మనము తరచుగ మరచుచున్నాము. నాటి రాజోలు తాలూకాలోని శంకరగుప్తమున 1930 జూలై 6వ తేదీన శ్రీ మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు జన్మించిరి; 2016 నవంబరు 22న చెన్నపట్టణమున దివంగతులైరి. గాయకులుగ వారి నెరుగని తెలుగువా రరుదు. వాగ్గేయకారులుగ వారిని మనమెంతవరకెరుగుదుము? నేడు విచారింపవలసిన ప్రశ్న యిది.

వారి విద్యకు బీజము లింటనే గలవు. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువాదకులు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణాప్రవీణురాలు. మాతామహులు ప్రయాగ రంగదాసుగారు కీర్తనకర్తలు. శిశుప్రాయముననే మాతృవియోగము కలిగెను. తండ్రి బాలుని పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికడ చేర్చిరి. త్యాగరాజస్వామికి శిష్యులు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, వారికి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారికి శిష్యులు పంతులుగారు. కావేరీతీరమున పండిన తెలుగు కృతి కృష్ణాతీరమునకు మరలివచ్చిన మార్గమిది.

ఇట్టి సంపదకు వారసుడైనవాడు దానిని పెట్టెలో భద్రపరచి తృప్తి చెందవచ్చును. బాలమురళిగారట్లు చేయలేదు. మేళకర్తలు డెబ్బదిరెండింటను కృతులు రచించి, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, 1952లో, “జనకరాగ మంజరి”గ ప్రకటించిరి. డెబ్బదిరెండు మేళములలో నలువది వివాదిమేళములు. దోషభయముచే పెక్కురు వానిని తాకుటకు జంకుదురు. కోటీశ్వరయ్యరుగారు డెబ్బదిరెండింటను అరవమున పాటలు కూర్చియుండిరి. బాలమురళిగారు తెలుగు సంస్కృతములలో నా కార్యమును నెరవేర్చిరి. వర్ణములు, కృతులు, తిల్లానాలు కలిసి వారి రచనలు నాలుగువందలకు మించును.

అంతటితో నాగక, నాలుగేసి స్వరములతో లవంగి, మహతి మున్నగు రాగములను వెలయించిరి. లవంగికి షడ్జ రిషభ మధ్యమ ధైవతములు చాలును. మహతికి షడ్జ గాంధార పంచమ నిషాదములు. రాగమునకు అయిదు స్వరములైన నుండవలెననియు, స్వరముల మొత్తము మాత్రమే రాగము కాదనియు కొందరు విద్వాంసు లాక్షేపించిరి. ఈ యాక్షేపణలో బలము లేకపోలేదు. రాగము తరతరముల ప్రయోగములచే పరిపక్వమగును. అయినను, అంతకుమున్ను వినబడని రాగములకు కృతులిచ్చి ప్రాణము పోసినవారు త్యాగరాజస్వామియే కదా! ఆ పూర్వనిర్ణయము నంగీకరించినవారు శిష్యపరంపరలోని వానిని ద్రోహి యనుట న్యాయమగునా? తుది తీర్పు చెప్పవలసినది గానసభ. సాక్ష్యము వినక తీర్పు చెప్పుట యెట్లు? పాడనిదే వినుట యెట్లు?

మన లోపమిచ్చటనే గలదు. వారికి 1978లో సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ బిరుదములు లభించినపుడు మనము పొంగితిమి. పటమునకు పూలమాల వేసినంతమాత్రమున ఋణము తీరునా? వాగ్గేయకారుడు జీవించుట పటములో కాదు, శిష్యుల కంఠములలో. త్యాగరాజస్వామి కృతులు నేడు నిలిచియుండుట శిష్యులు వ్రాసికొని, వల్లించి, నేర్పుటచేతనే.

కావున అమలాపురము, రాజోలు, కొత్తపేటల సంగీతోపాధ్యాయులకు మా విన్నపమొకటి. నెలకొక మేళకర్త కృతిని స్వరసహితముగ, అర్థసహితముగ పిల్లలకు నేర్పుడు. ఆరేండ్లలో డెబ్బదిరెండును పూర్తియగును. ఉత్సవములు జరుపు పెద్దలు ప్రతి కచేరీయందును వారి కృతి నొక్కటి పాడింపవలెను. ధనమంతగ నక్కరలేదు, పట్టుదల చాలును. శంకరగుప్తపు పాట పరదేశమున వినబడి స్వగ్రామమున వినబడకున్న, ఆ కొరత పాటది కాదు, మనది.