ఒక్క గడే వెలిగిన దీపము



ఈ నెల మా మాటలు కొందరికి వింతగా తోచవచ్చును. వేదిక దీపాల గురించి, వాటిని నడిపే కంప్యూటరు గురించి వ్రాస్తున్నాము. క్రిస్మస్ నాటికకైనా, సంక్రాంతి నాటకానికైనా, పెళ్ళి పందిరికైనా ఎల్.ఇ.డి. బార్లు అద్దెకు తెచ్చుకోవడము మన పల్లెల్లో మామూలైపోయింది. వాటిని నడిపేది మన ఇళ్ళలోని పిల్లలే. తేడా వస్తే మాట పడేదీ వాళ్ళే.

గత డిసెంబరులో గుడ్లవల్లేరు దగ్గర మా సంఘములో అదే జరిగింది. యౌవనస్థులు పట్నములోని ఒక దుకాణము నుండి నాలుగు బార్లు తెచ్చారు. ఒక్కొక్క బార్‌లో ఎనిమిది గళ్ళు. ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడొకడు ల్యాప్‌టాప్‌లో క్యూ.ఎల్.సి. ప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టుకొని, గొల్లల రాత్రి కోసము వెనుక గోడంతా నీలి వెలుగు నింపాలని వారమురోజులు కూర్చొని తయారుచేశాడు. కంప్యూటరులో నాలుగు బార్లూ చక్కగా నీలముగా కనిపించాయి. తీరా సాయంత్రము స్విచ్చి వేస్తే ఒక్కో బార్‌లో మొదటి గడి మాత్రమే వెలిగింది. మిగిలిన ఏడూ చీకటి!

దుకాణానికి ఫోను చేస్తే, "మేము ఇచ్చినప్పుడు బాగానే ఉన్నాయి, కాలిపోతే డబ్బు కట్టాల్సిందే" అన్నారు. పెద్దలు కుర్రవాడి మీద లేచారు. వాళ్ళ నాన్న కూలి పని చేసుకునే మనిషి; "కోతల డబ్బులు రాగానే కట్టేస్తానండీ" అని మా దగ్గరకు వచ్చి తలవంచుకొని నిలబడ్డాడు. మేమూ ఊరుకోలేదు. "తెలియని పని నెత్తికెత్తుకోవడమెందుకురా?" అని అందరి ముందూ కుర్రవాణ్ణి గద్దించాము. ఆ మాట ఇప్పటికీ మాకు గుచ్చుకుంటూనే ఉన్నది.

నిజానికి ఏ దీపమూ కాలలేదు. జరిగినది మన డెల్టా రైతుకు కాలువ మాటల్లో చెబితే తేలికగా అర్థమవుతుంది. ఇటువంటి దీపాలకు వెళ్ళే తీగలో డి.ఎమ్.ఎక్స్. 512 అనే పద్ధతి నడుస్తుంది. 1986లో అమెరికాలో రూపొందిన పద్ధతి ఇది. ఆ తీగలో 512 అంకెలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా సాగుతాయి. పూర్తి వరుస సెకనుకు సుమారు 44 సార్లు తిరిగి వస్తుంది. ఒక్కొక్క అంకె స్థానాన్ని చానల్ అంటారు. కాలువ మీద ప్రతి పొలానికీ వంతు ఉన్నట్టే, ప్రతి బార్‌కూ ఆ వరుసలో వంతు ఉంటుంది. ఆ వంతు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది అడ్రసు. ఎన్ని చానళ్ళు తీసుకోవాలో చెప్పేది మోడ్.

ఎనిమిది గళ్ళు, గడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడు రంగులు. వెరసి 24 చానళ్ళు. గళ్ళన్నీ ఒకే రంగుగా వెలిగితే చాలుననుకుంటే అదే బార్‌ను 3 చానళ్ళ మోడ్‌లోనూ పెట్టవచ్చును. దుకాణమువారు బార్లను 24 మోడ్‌లో, 1, 25, 49, 73 అడ్రసులతో పంపారు. కుర్రవాడు కంప్యూటరులో అడ్రసులు సరిగానే వేశాడు గాని, మోడ్ మాత్రము 3 ఎంచుకున్నాడు. ఎనిమిది పొలాలకు నీరు కావాలంటే ఒక్క పొలానికే తూము తీసినట్టయింది.

పట్టుకున్నదీ వాడే. బార్ వెనుకనున్న చిన్న తెరమీద 24 అని చూసి, సాఫ్ట్‌వేరులో మోడ్ మార్చి, రంగులు మరల నింపాడు. అరగంటలో గోడంతా నీలమైంది. ఇప్పుడు గడి గడికీ వేరు రంగు ఇవ్వవచ్చును గనుక, నడిమి గడి ఒక్కటి తెల్లగా వెలిగించి నక్షత్రము చేశాడు.

మీ ఊళ్ళోనూ ఇటువంటి చిక్కు రావచ్చును గనుక, వాడు మాకు చెప్పిన గురుతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటి గడి ఒక్కటే వెలిగితే కంప్యూటరు తక్కువ చానళ్ళు పంపుతున్నదని అర్థము. గళ్ళన్నీ ఎప్పుడూ ఒకే రంగులో మారుతుంటే బార్ 3 మోడ్‌లో ఉన్నదేమో చూడండి. మొదటి గడి సరిగా ఉండి, రెండవ గడి నుండి రంగులు తారుమారైతే ఆ బార్‌లో నాలుగవ రంగు, అంటే తెలుపు కూడా ఉండవచ్చును. అప్పుడు దానికి కావలసినవి 32 చానళ్ళు. మీరు 24 పంపితే ఆరు గళ్ళతోనే సరి. ఏడు, ఎనిమిది గళ్ళు పక్క బార్ వంతును తీసుకుంటాయి.

వెలుగు కుడి నుండి ఎడమకు పరుగెత్తవలసినది ఎదురు పరుగెత్తితే బార్ తిరగేసి కట్టారన్నమాట. ఎనిమిది గళ్ళనూ సాఫ్ట్‌వేరు ఒకే చుక్కగా లెక్కపెడుతుంటే, ఆ దీపము వివరాల ఫైలులో గళ్ళు విడివిడిగా వ్రాసి లేవు. క్యూ.ఎల్.సి. ప్లస్‌లో ఆ గళ్ళను 'హెడ్స్' అంటారు; అక్కడ ఒక్కొక్క గడికీ దాని చానళ్ళు చూపించాలి. అన్నీ సరిగా ఉండి చివరి బార్ మాత్రము మినుకుమంటే తీగను, తీగ చివర పెట్టవలసిన 120 ఓముల టెర్మినేటరును చూడండి. వీటిలో దేనికీ దీపము మూత విప్పనక్కర లేదు. పిల్లలను విప్పనివ్వకండి.

అద్దెకు తెచ్చేటప్పుడే మూడు సంగతులు అడిగి కాగితము మీద వ్రాయించుకోండి: గళ్ళెన్ని? గడికి రంగులెన్ని? ఏ మోడ్‌లో ఉన్నది? దుకాణములోనే ఒకసారి ఎనిమిది గళ్ళూ వెలిగించి చూసుకుంటే తరువాత తగవు ఉండదు.

పూర్వము మన జిల్లాలోని కూచిపూడి భాగవతులు దివిటీల వెలుగులో ఆడేవారు. పాత్ర ప్రవేశించే వేళ దివిటీ మీద గుగ్గిలము చల్లితే భగ్గున మండేది. దివిటీ ఆరితే అందరికీ కనిపించేది. ఈ కాలపు దీపములో లోపము మంటలో గాక లెక్కలో ఉంటుంది. అది చూసేవారికి కనబడదు. అందుకే తొందరపడి ఎవరినో ఒకరిని నిందిస్తాము.

నాటిక ముగిసిన తరువాత మేము వేదిక మీదికి వెళ్ళి, అందరి ముందు అన్న మాటకు అందరి ముందే ఆ కుర్రవాణ్ణి క్షమించమని అడిగాము. వాడు సిగ్గుపడి, "పర్లేదు అయ్యగారూ, నేనే మోడ్ చూసుకోలేదు" అన్నాడు. వెనుక వరుసలో నిలబడిన వాళ్ళ నాన్న కండువాతో కళ్ళు తుడుచుకోవడము మేము చూశాము.