డాకింగ్ స్కోరు మందు కాదు: ల్యాబ్ పరీక్ష దాకా వెళ్దాం

ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులకు, అధ్యాపకులకు, విశ్వవిద్యాలయాల పెద్దలకు, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు విజ్ఞప్తి.

మందులకు లొంగని బ్యాక్టీరియా 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 12 లక్షల 70 వేల మందిని నేరుగా బలి తీసుకుందని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా. చివరి అస్త్రంగా డాక్టర్లు వాడుతున్న కొలిస్టిన్ ఎప్పటిదో పాత మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టినదే. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడంలో మన వాటా కూడా ఉంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మందులు తయారుచేసి ప్రపంచానికి పంపే ప్రాంతం కొత్త మందు వెతికే బాధ్యతను కూడా నెత్తికెత్తుకోవాలి.

ఆ వెతుకులాట మనవాళ్లకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి ఆరియోమైసిన్‌ను కనుక్కున్నారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. ఇప్పుడు తొలి వడపోత కంప్యూటర్ మీదే చేయొచ్చు. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమేటికల్ సైన్సెస్ తయారుచేసిన ఇంప్యాట్ భాండాగారంలో 4,010 భారతీయ ఔషధ మొక్కల నుంచి దాదాపు 18 వేల రసాయనాల వివరాలు ఉన్నాయి. వాటిని బ్యాక్టీరియా ప్రొటీన్లలో అమర్చి, ఎంత గట్టిగా అతుక్కుంటాయో స్కోరు ఇచ్చే ‘డాకింగ్’ సాఫ్ట్‌వేర్ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్ ఉంటే చాలు, జిల్లా కేంద్రంలోని కాలేజీ విద్యార్థి కూడా ఈ పని చేయగలడు. ఇంత మంచి అవకాశం మన ముందు తరాలకు లేదు.

మా ఆవేదనంతా ఆ తర్వాత జరుగుతున్నదాని గురించే. నేలవేములోనిదో పసుపులోనిదో ఒక రసాయనం, దానికొక ప్రొటీన్, గట్టిగా అతుక్కుంటుందని చెప్పే మైనస్ తొమ్మిది స్కోరు, రంగురంగుల బొమ్మ. అక్కడితో థీసిస్ పూర్తవుతుంది, పేపరు అచ్చవుతుంది. బ్యాక్టీరియాను చూసినవారు ఎవరూ ఉండరు.

స్కోరుకు తెలియనివి చాలా ఉన్నాయి. ఆ రసాయనం కణంలోకి వెళ్లగలదా? గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొర చాలావాటిని లోపలికే రానివ్వదు. వెళ్లినా నిలవగలదా? మానుపసుపులోని బెర్బెరిన్‌నే చూడండి. స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా తన కణపొరలోని పంపుతో, పడవలో చేరిన నీళ్లు తోడేసినట్టు, దాన్ని బయటికి తోసేస్తుంది. అయితే అమెరికాలో పెరిగే అదే కుటుంబపు మొక్క ఆ పంపును మూసేసే మరో రసాయనాన్ని కూడా తయారుచేసుకుంటుందని 2000లో తేలింది. ఆ రెండోది ఒంటరిగా బ్యాక్టీరియాను ఏమీ చేయదు. రసాయనాలను ఒక్కొక్కటిగా డాకింగ్ చేసి స్కోరు చూసేవారు దాన్ని పనికిరానిదని పారేస్తారు. మొక్క తెలివి ఆ జంటలో ఉంది, దాన్ని పట్టుకునేది ల్యాబే.

ఇక పసుపులోని కర్క్యుమిన్. అది పరీక్షలనే తప్పుదారి పట్టించే రకమని, శరీరంలో నిలవదని 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు వివరంగా రాశారు. అయినా మన థీసిస్‌లలో అదే మళ్లీ మళ్లీ గెలుస్తోంది.

కంప్యూటర్‌ను నమ్మొద్దని మేం అనడం లేదు. 2020లో అమెరికాలోని ఎంఐటీ బృందం హాలిసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుక్కున్న తీరు చూడండి. ముందు 2,335 అణువులను ల్యాబ్‌లో ఈ-కోలై మీద పరీక్షించారు. పనిచేసినవి 120 మాత్రమే. పనిచేయని మిగతావన్నీ కూడా కంప్యూటర్‌కు పాఠాలయ్యాయి. అది ఎంచిన 99 అణువులను మళ్లీ ల్యాబ్‌కు తీసుకెళ్తే 51 పనిచేశాయి. అట్టడుగు స్కోరు వచ్చిన 63ను కూడా వదలకుండా పరీక్షించారు, వాటిలో పనిచేసినవి రెండే. ఆ నిజాయితీ వల్లే ఆ స్కోరుకు విలువ వచ్చింది. మన దగ్గర పనిచేయని ఫలితం బీరువాలో మిగిలిపోతోంది. మరో కాలేజీ విద్యార్థి అదే రసాయనం మీద మరో ఏడాది ఖర్చు చేస్తున్నాడు.

తప్పు విద్యార్థులది కాదు. శుద్ధమైన మొక్కల రసాయనాలు చాలావాటికి కొన్ని మిల్లీగ్రాములకే వేల రూపాయలవుతాయి. ప్రమాదకరమైన బ్యాక్టీరియాను పెంచడానికి తగిన భద్రత ఉన్న ల్యాబ్‌లు అన్ని కాలేజీల్లోనూ ఉండవు. అందుకే అడుగుతున్నాం: ప్రభుత్వాలు కలిసి శుద్ధ రసాయనాల ఉమ్మడి నిల్వ ఏర్పాటు చేయాలి. ఐఐసీటీ, నైపర్, సీసీఎంబీ వంటి పరిశోధనా సంస్థలున్న హైదరాబాద్‌లో ఒకటి, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న విశాఖలో ఒకటి పరీక్షా కేంద్రాలు పెట్టాలి. ఏ కాలేజీ నుంచి జాబితా వచ్చినా అక్కడ ఉచితంగా పరీక్షించాలి. బ్యాక్టీరియాను ఆపడంతో పాటు మనిషి కణాలకు హాని చేస్తుందో లేదో కూడా చూడాలి. మొక్కదే కదా, ఏం కాదులే అనుకోవడం ప్రమాదం. గిరిజనులు చెప్పిన మొక్క నుంచి మందు వస్తే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం వారి వాటా వారికి అందాలి. ఇది దయ కాదు, హక్కు.

విశ్వవిద్యాలయాలు చేయాల్సిందానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. డాకింగ్ థీసిస్ ఏదైనా సరే, పై స్కోరు వచ్చినవి కొన్ని, అడుగు స్కోరు వచ్చినవి కొన్ని పరీక్షకు పంపాలని నిబంధన పెట్టాలి. పనిచేయలేదన్న ఫలితానికీ డిగ్రీ ఇవ్వాలి. ఆ ఫలితాలన్నీ అందరూ చూడగలిగే ఒకే పట్టికలో ఉంచాలి. వచ్చే విద్యాసంవత్సరం సినాప్సిస్‌లు ఆమోదించకముందే అకడమిక్ కౌన్సిళ్లు ఈ నిర్ణయం తీసుకోవాలి. అధ్యాపకులారా, ఆ సమావేశంలో ఈ ప్రతిపాదన మీరే పెట్టండి. విద్యార్థులారా, మీ బీరువాల్లో ఉన్న పనిచేయని ఫలితాలను ఇప్పుడే బయటికి తీయండి.